పుల్ల మజ్జిగ తాగిన గోంగూర

అమెరికాలోని పిస్కాటవేలో కొత్తగా దిగిన తెలుగువాళ్ళు మూడు నెలల్లో రెండు పనులు పూర్తిచేసేవారు. ఒకటి, డ్రైవింగ్ లైసెన్సు తెచ్చుకోవడం. రెండు, బాలమణి గారి గోంగూర తినడం. లైసెన్సు పరీక్ష నాలుగుసార్లు తప్పినవాళ్ళు ఉన్నారు గానీ, గోంగూర తప్పించుకున్నవాళ్ళు ఇంతవరకూ ఎవరికీ ఎదురుపడలేదు. ఒకాయన తనకి పడదని చెప్పి చూశాడు. బాలమణి ఆయన ఇంటికే వెళ్ళి, పొయ్యి వెలిగించి, వండి, అన్నంలో కలిపి, ఎదురుగా కూర్చుంది. ఆ రోజు నుంచీ ఆయనకి పడుతోంది.

బాలమణిది మండపేట. అరవై నాలుగేళ్ళు. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసింది. ఎందుకు మానేశారండీ అని ఎవరైనా అడిగితే, "మా సైన్సు మేష్టారు అడిగినవాటన్నిటికీ నేనే జవాబులు చెప్పేస్తుంటే మిగతా పిల్లలు బెంగపెట్టుకున్నారమ్మా. పాపం కదా అని నేనే తప్పుకున్నాను" అనేది. నిజానికి లెక్కల్లో తప్పింది. ఆ సంగతి కూతురు అలేఖ్యకి తెలుసు. అలేఖ్యకి తెలుసని బాలమణికీ తెలుసు. అయినా కథ బాగుంది కదా అని ఇద్దరూ దాన్ని అలాగే ఉంచేశారు.

కూతురింటికి ఆవిడ రావడం ఇది వరసగా మూడో వేసవి. ఏప్రిల్లో విమానం దిగుతుంది, అక్టోబరులో ఎక్కుతుంది. ఆ మధ్యకాలంలో పెరడంతా ఆవిడ జమీందారీ. అల్లుడు రాజ్ గడ్డి కోసే మెషిన్ బయటికి తియ్యాలంటే ముందు అర్జీ పెట్టుకోవాలి. మొదటి ఏడు కాసిన సొరకాయని గుడికి తీసుకెళ్తుంటే, వెనక సీట్లో దానికి బెల్టు పెట్టలేదని పోలీసు కారు ఆపాడని ఆవిడ చెబుతుంది. ఆపిన మాట నిజమే. స్టాప్ సైన్ దగ్గర రాజ్ ఆగలేదు. సొరకాయ గురించి పోలీసు ఏమీ అనలేదు.

ఆ ఇల్లు డెబ్భై ఏళ్ళనాటిది. వెనక చెక్క గరాజ్, దాని గోడ వెంబడి ఎర్రటి బంకమట్టి. వానొస్తే కాలిని వదిలి చెప్పుని ఉంచేసుకునే రకం. "ఈ మట్టిలో ఏమీ రాదమ్మా, స్టోర్‌లో బస్తా మట్టి అమ్ముతారు, తెచ్చుకుందాం" అని అలేఖ్య మొదటి ఏడే అంది.

"బస్తాలో అమ్మేదాన్ని మట్టి అనకే. అసలు మట్టి వింటే బాధపడుతుంది" అంది బాలమణి. పలుగు తీసుకుని ఆ గోడ వెంబడే రెండు మళ్ళు తవ్వింది. ఒకదాంట్లో తోటకూర, ఇంకోదాంట్లో గోంగూర.

తోటకూరకి మామూలు నీళ్ళే. గోంగూరకి మాత్రం ఆవిడ దగ్గర ఒక సొంత సిద్ధాంతం ఉంది. కరివేపాకు మొక్కకి పుల్ల మజ్జిగ పొయ్యడం అమెరికాలో ప్రతి తెలుగింటా ఉన్నదే. బాలమణి ఆ పద్ధతికి పొలిమేరలు చెరిపేసింది. పులుపు తాగితేనే కదా ఆకుకి పులుపొచ్చేది! పులిసిన పెరుగు, చింతపండు పిప్పి, పిండేసిన నిమ్మచెక్కలు నానబెట్టిన నీళ్ళు, పచ్చడి జాడీ కడిగిన నీళ్ళు, అన్నీ గోంగూర మడికే. ఒక్క ఇంట్లో పులిసేది చాలక, చుట్టుపక్కల పన్నెండు ఇళ్ళకి కబురు పెట్టింది. శనివారం వచ్చేసరికి పన్నెండు పెద్ద పెరుగు డబ్బాలు గరాజ్ ముందు వరసగా చేరేవి. ఎవరి డబ్బా ఎంత పుల్లటి వాసన వేస్తే వాళ్ళకంత గౌరవం. ఖాళీ డబ్బా ఇంటికి పంపకూడదు కాబట్టి ప్రతి డబ్బాలోనూ గోంగూర కుక్కి పంపేది.

ఇలా రెండు వేసవులు గడిచి మూడోదీ సగం పైన అయింది. ఆకు కాడలు ఎర్రగా, నిగనిగలాడుతూ వచ్చాయి. "నా గోంగూర కోస్తుంటే పక్కింటి కుక్కకి నోరూరి మా కంచె నాకుతోంది" అని బాలమణి ఫోన్‌లో మండపేటకి చెప్పింది. ఆ కుక్క కంచె నాకడం అలేఖ్య కూడా చూసింది, కాబట్టి దాన్ని ఎవరూ ఖండించలేదు.

పన్నెండు డబ్బాల్లోనూ రేణు డబ్బాకి ప్రత్యేకమైన మర్యాద ఉండేది. రేణు రెండిళ్ళ అవతల ఉంటుంది, ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేసుకుంటుంది. అయిదో నెల. గుంటూరులో ఉన్న తల్లికి వీసా స్లాట్ దొరకడం లేదు. ఏది తిన్నా కడుపులో నిలవని రోజుల్లో బాలమణి గోంగూర పచ్చడి ఒక్కటే నిలిచింది. అప్పటినుంచీ ఆ ఇంటికి వారానికి రెండు డబ్బాల ఆకు, మూడు వారాలకొక జాడీ పచ్చడి వెళ్ళేవి. "నీ కడుపులో బిడ్డ పుట్టగానే ఏడవదు చూడు, ఉల్లిపాయ ముక్క అడుగుతుంది" అని బాలమణి అంటే రేణు పొట్ట పట్టుకుని నవ్వేది.

ఇక భావన. అలేఖ్య వాళ్ళ బేస్‌మెంట్‌లో అద్దెకుండే పిల్ల. హనుమకొండ నుంచి వచ్చి యూనివర్సిటీలో మట్టి మీద పీహెచ్‌డీ చేస్తోంది. ఆ మాట విన్న మొదటి రోజున బాలమణి ముక్కున వేలేసుకుంది. "మట్టి కోసం ఇంత దూరం రావాలా అమ్మాయ్? మా మండపేటలో బస్సు దిగుంటే ఊరికే కాళ్ళకి అంటుకునేది."

ఆ భావనే జులై చివర్లో, జూనియర్లకి నేర్పడానికి మట్టి నమూనాలు కావాలని అడిగింది. బాలమణి దర్జాగా రెండు మళ్ళలోనూ తనే తవ్వి, దేనికది వేరే సంచీలో పోసి, రెండు మొక్కల ఆకులు కూడా కోసిచ్చింది. "మీ ప్రొఫెసర్లకి చెప్పు. సన్మానం అంటూ ఏదైనా పెడితే వారం ముందు చెప్పాలి, బ్లౌజు కుట్టించుకోవాలి." చెప్పడమే కాదు, సూట్‌కేసులోంచి మెరూన్ రంగు పట్టుచీర తీసి ఇస్త్రీ చేసి పెట్టుకుంది.

ఆగస్టు నడుమ ఒక ఆదివారం పొద్దున భావన కాగితాలు పట్టుకుని బేస్‌మెంట్ మెట్లెక్కి వంటింట్లోకి వచ్చింది. బాలమణి బల్ల మీద గోంగూర పోసుకుని ఆకు గిల్లుతోంది. అలేఖ్య కాఫీ కలుపుతోంది.

"ఎప్పుడన్నారు సన్మానం?" అంది బాలమణి తలెత్తకుండానే.

"ఆంటీ, మట్టిల సీసం ఉన్నది."

"సీసమా? చేపల వలకి గుండ్లు కడతారే, ఆ సీసమా?"

"అదే. ఆ గరాజ్‌కి పాతకాలంల ఏసిన పెయింట్‌ల ఉండె. గోకి మళ్ళ రంగేసినప్పుడల్లా ఆ పొట్టు కింద రాలి మట్టిల కలిసింది. ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ ఉన్నది."

బాలమణి ఇంకో కాడ అందుకుంది. "ఉంటే ఉంది. డెబ్భై ఏళ్ళుగా పడుకునే ఉందిగా. ఇవాళ కొత్తగా లేచిందేంటి?"

"లేవలే ఆంటీ. మీరు లేపిన్రు."

అలేఖ్య కాఫీ కలపడం ఆపింది. బాలమణి కూడా గిల్లడం ఆపింది, కానీ అది వేరే కారణానికి. ఆవిడ మాట మీద మాట వేసే మనిషి ఆ ఇంట్లో ఇంతవరకూ పుట్టలేదు.

భావన కుర్చీ లాక్కుని కూర్చుంది. "బంకమట్టిని బాగా పెద్దగ చేసి చూస్తే ఎట్లుంటదో తెలుసా? పూతరేకులు లెక్క. రేకు మీద రేకు, సందు లేకుండ పేర్చినట్టు."

"పూతరేకుల జోలికి రాకు. అవి మావి."

"మీవే ఆంటీ, నేను తినేసి పోతున్ననా? ఆ రేకులకి మైనస్ చార్జ్ ఉంటది. నీళ్ళల్ల కరిగిన సీసానికేమో ప్లస్. పోయి అతుక్కుంటది. రేకుల అంచుల్ల అయితే ఇంకా గట్టిగ, మేకు కొట్టినట్టే. అట్ల అతుక్కుని ఉన్నంతసేపు మొక్క వేరు దాన్ని పెద్దగ లాగలేదు. ఇన్నేండ్లు మీ ఎర్రమట్టి ఆ సీసాన్ని గట్టిగ పట్టుకునే కూసున్నది."

"చూశావా!" బాలమణి కూతురి వైపు తిరిగింది. "బస్తా మట్టి బస్తా మట్టి అన్నావు. నా మట్టి ఎంత పని చేసిందో విను."

"చేసింది ఆంటీ. మీరు చెయ్యనియ్యలే." భావన రెండో కాగితం ముందుకు జరిపింది. "పులుపు అంటే హైడ్రోజన్. దానికీ ప్లస్ చార్జే. మీరు మూడేండ్ల నుంచి డబ్బాలకి డబ్బాలు పోసిన్రు గద. పండగ రోజు ఆర్టీసీ బస్సు మీదికి జనం ఎగబడ్డట్టు ఆ హైడ్రోజన్ అంతా మట్టి మీదికి ఎగబడ్డది. కూసున్న సీసాన్ని సీట్లకెళ్ళి లేపింది. అది చాలదన్నట్టు, చింతపండు పులుపు, నిమ్మకాయ పులుపు ఉన్నయే, అవి సీసాన్ని చంకనేసుకుని తిరుగుతయ్. వేరు దగ్గరికి తీస్కపోయి దింపుతయ్."

"అంతా నీ ఊహ."

"రెండు మళ్ళల్ల మట్టిల సీసం ఇంచుమించు ఒక్కటే ఆంటీ. తోటకూర మడికి మీరు పులుపు పొయ్యలే. ఆ ఆకుల కొంచెమే వచ్చింది. గోంగూర ఆకుల దానికి అయిదింతలు. కడిగిన ఆకే పరీక్ష చేసినం."

బాలమణి కాగితం తీసుకుంది, తిప్పి చూసింది, వెనక్కి తోసింది. "కాగితం ఎలా రాస్తే అలా చెబుతుంది. నేను ఎనిమిదో తరగతి. కంటికి చూపిస్తే నమ్ముతాను."

భావన కిందికి వెళ్ళి ఒక గాజు సీసా, ఒక చిన్న పొట్లం తెచ్చింది. సీసంతో ఇంట్లో ఆటలు కూడదని, దానికి బదులు రాగి తీసుకొచ్చానని చెప్పింది. పొట్లం విప్పగానే బాలమణి గుర్తుపట్టింది. "మైలుతుత్తం! మా నాన్న తమలపాకు తోటకి సున్నంతో కలిపి కొట్టేవాడు." నీలం పలుకులు నీళ్ళలో కరిగి సీసా ఆకాశంలా అయింది. ఇప్పుడు బంకమట్టి కావాలి. పెరట్లో మట్టి ఎర్రగా ఉంది, రంగు తెలియదు. భావన కళ్ళు బాలమణి మొహం మీద నిలిచాయి.

"ఆంటీ, మీరు మొహానికి రాసుకునే ముల్తానీ మట్టి..."

"అది మండపేట నుంచి తెచ్చుకున్నది! అరకిలోయే ఉంది!"

"అమ్మా, తీసుకురా" అంది అలేఖ్య.

బాలమణి అందం నాలుగు చెంచాలు తగ్గింది. సీసాలో మట్టి వేసి బిగించి పది నిమిషాలు కలిపారు. ఉప్మా చేసుకుని తినేలోగా మట్టి అడుక్కి దిగింది. పైన నీళ్ళు తేటగా ఉన్నాయి. నీలం ఏమైందని వంగి చూస్తే అడుగున మట్టి పచ్చనీలంగా మారి ఉంది.

"మింగేసింది" అంది బాలమణి, తను కన్న బిడ్డ పాలు తాగినంత మురిపెంగా.

"పట్టుకున్నది. ఇప్పుడు మీ గోంగూరకి పోసినట్టు పొయ్యండి." భావన నిమ్మకాయలు చేతికిచ్చింది.

బాలమణి మూడు నిమ్మకాయలు పిండింది. మళ్ళీ కలిపారు, మళ్ళీ ఆగారు. ఈసారి మట్టి దిగింది గానీ నీళ్ళు తేటపడలేదు. నీలం మళ్ళీ పైకొచ్చి, ఎవరో పిలిచినట్టు, సీసా నిండా నిలబడింది.

బాలమణి సీసా అందుకుని కిటికీ వెలుతురుకి ఎత్తి చూసింది.

"ఎవరికి చేటు?" అంది.

"పెద్దోళ్ళు అప్పుడప్పుడు తింటే అంత భయం లేదు. చిన్నపిల్లలకి మంచిది కాదు. ఇంకా..." భావన ఆగింది. "కడుపుతో ఉన్నోళ్ళకి."

ముగ్గురూ ఒకే ఇంటి వైపు చూశారు, గోడ అడ్డం ఉన్నా.

అలేఖ్య ఫోన్ తీసింది. "వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ పెట్టేస్తానమ్మా."

"పెట్టు. మొక్కలకి తెగులొచ్చింది, పీకేశాం, ఉన్న ఆకు పారెయ్యండి అని పెట్టు."

"తెగులు అని పెడితే రేణు పచ్చడి పారేస్తుందా? జాడీలో ఉన్నదానికి తెగులేమిటి అని తినేస్తుంది. టెస్ట్ కూడా చేయించుకోదు."

బాలమణి లేచి గదిలోకి వెళ్ళిపోయింది. గోంగూర లేకపోతే ఆ ఊళ్ళో తను ఎవరు? అలేఖ్య వాళ్ళమ్మ. అంతే. అలాంటి అమ్మలు ఆ వీధిలో తొమ్మిదిమంది ఉన్నారు, నడకకి వెళ్ళినప్పుడు ఒకరి పేరు ఇంకొకరికి తెలియదు. శనివారం డబ్బాలు రావు. ఫలానా ఆవిడ చెయ్యి పడితే మొక్క బతుకుతుందన్న మాట ఉండదు. ఫలానా ఆవిడ పెట్టింది తింటే జబ్బు అన్న మాట ఉంటుంది. అన్నిటికీ మించి, రేణు. నమ్మి తిన్న పిల్ల.

పది నిమిషాల తర్వాత మెరూన్ పట్టుచీర కట్టుకుని బయటికొచ్చింది.

"ఎక్కడికమ్మా?"

"ఇచ్చింది నేను. చెప్పేది ఫోనా?"

రేణు తలుపు తీసేసరికి చేతిలో కంచం ఉంది. కంచంలో అన్నం, అన్నంలో గోంగూర. "రండి రండి ఆంటీ! పట్టుచీరేంటి, పెళ్ళికా?"

"ఆ ముద్ద కింద పెట్టు."

"ఏం, ఉల్లిపాయ తెచ్చారా?"

"రేణూ, నా గోంగూరలో సీసం ఉంది. తినకు."

రేణు ఒక క్షణం చూసి పకపకా నవ్వింది. "మొన్న మీ సొరకాయకి సీటు బెల్టు. ఇవాళ గోంగూరకి సీసమా? తర్వాత ఏంటి ఆంటీ, బంగారం కాస్తుందా? కాస్తే నాకు రెండు గాజులకి సరిపడా కొయ్యండి."

జీవితంలో మొదటిసారి నిజం చెప్పబోతే బాలమణికి ఎలా చెప్పాలో తెలియలేదు. అబద్ధానికి ఆవిడ దగ్గర వంద వంపులున్నాయి. నిజానికి ఏదీ సరిపోవడం లేదు. పూతరేకుల దగ్గర మొదలుపెట్టింది, ఆర్టీసీ బస్సు దాకా వచ్చింది, నిమ్మకాయలు పిండింది. ప్రతి వాక్యానికీ రేణు ఇంకా గట్టిగా నవ్వింది. "బస్సులో సీసం! అయ్యో ఆంటీ, ఆగండి, కడుపు నొప్పెడుతోంది."

మాటలు లాభం లేదని బాలమణి నేరుగా వంటింట్లోకి నడిచి కౌంటర్ మీద జాడీ అందుకుంది. రేణు నవ్వు అక్కడ ఆగింది.

"ఓహో. ఇదా సంగతి. ఇంకెవరికో ఇవ్వడానికి తీసుకెళ్తున్నారు. కొత్తగా ఎవరికైనా నెల తప్పిందా? చెప్పండి ఆంటీ, పంచుకుంటాను, కథలెందుకు?"

"పంచుకోవడానికి కాదు తల్లీ." జాడీ గుండెకి ఆనించి పట్టుకుంది. "నేను తప్పు చేశాను. నాకు తెలియక చేశాను. ఆ మడిలో సీసం ఉంది, పులుపు పోసి దాన్ని ఆకులోకి ఎక్కించాను. అందరికంటే ఎక్కువ నీకే పెట్టాను. నువ్వు డాక్టరుకి ఫోన్ చెయ్యి. రక్తం పరీక్ష చెయ్యమను."

సొరకాయ లేదు, కుక్క లేదు, మండపేట లేదు. బాలమణి నోట అంత బోసి మాట రేణు ఎన్నడూ వినలేదు. కంచం సింకులో పెట్టింది. చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది.

"ఎన్ని నెలల నుంచి తింటున్నాను ఆంటీ?"

"మే నుంచి. మూడున్నర నెలలు."

"సరే." రేణు ఫోన్ తీసుకుంది. "మీరు వెళ్ళండి."

రమ్మన్నప్పుడు ఎంత నవ్వుతూ అందో, వెళ్ళమన్నప్పుడు అంత నెమ్మదిగా అంది. బాలమణి జాడీతో బయటికొచ్చింది.

మిగతా పదకొండు ఇళ్ళకీ ఆ రోజూ మర్నాడూ తిరిగింది. అయితే తను నాలుగో ఇంటికి చేరేలోపే కథ ఆరో ఇంటికి చేరింది. ఆరో ఇంట్లో సీసం కాస్తా పాదరసం అయి కూర్చుంది. "కాదమ్మా, సీసమే, పెయింట్ పొట్టు" అని దాన్ని మళ్ళీ సీసం చేసి బయటపడేసరికి, తొమ్మిదో ఇంటివాళ్ళు యురేనియం అంటున్నారు. పార్కులో నడకకి వచ్చే రిటైర్డ్ బ్యాంకు మేనేజరు కృష్ణమోహన్ అయితే ఆవిడని దారిలోనే ఆపేశాడు.

"బాలమణి గారూ, యుద్ధంరోజుల్లో మీ గరాజ్‌లో బాంబులు చుట్టేవారటగా?"

"లేదండీ. గోడకి పాత పెయింట్."

"మీ గోంగూర చీకట్లో మెరుస్తుందట."

"మెరవదండీ."

"మాకు తెలియదని దాస్తున్నారు."

"అన్నయ్యగారూ, బాంబుల్లేవు, మెరవడాల్లేవు. ఉన్నది సీసం. మీ ఇంట్లో మిగిలిన ఆకు చెత్తలో వెయ్యండి. మీ మనవడికి పెట్టారా?"

"వాడు పిజ్జా తప్ప ముట్టుకోడు."

"వాడికి నా దండం. అయినా డాక్టరుకి ఒక మాట చెప్పండి."

కృష్ణమోహన్ నిరాశగా వెళ్ళిపోయాడు. ఊరంతా ఆవిడ కథలు తిని పెరిగిందేమో, ఇప్పుడు నిజాన్ని చప్పగా పెడితే ఎవరికీ సహించడం లేదు. పెంచడం ఎంత తేలికో, పెరిగినదాన్ని తుంచడం అంత కష్టమని బాలమణికి నడుం పట్టేసేదాకా తెలియలేదు. ఒక్కో ఇంట్లో అరగంట. కోపంగా తలుపు వేసినవాళ్ళూ ఉన్నారు, కాఫీ ఇచ్చినవాళ్ళూ ఉన్నారు.

రేణు నుంచి మాత్రం కబురు లేదు. సోమవారం లేదు, మంగళవారం లేదు. బాలమణి రోజుకి పదిసార్లు కిటికీ దగ్గరికి వెళ్ళి, రెండిళ్ళ అవతల కారు ఉందా లేదా చూసి వచ్చేది. కారు వెళ్ళినా భయమే, ఉన్నా భయమే.

గురువారం పొద్దున భావన యూనివర్సిటీకి వెళ్ళేముందు పెరట్లోకి దిగింది. ఇద్దరూ గోంగూర మొక్కలు వేళ్ళతో సహా పీకి, నల్ల సంచుల్లో కట్టి చెత్తకి పెట్టారు. తర్వాత భావన సున్నపుపొడి చల్లడం మొదలెట్టింది.

"దీంతో ఏమవుతుంది?"

"పులుపు విరుగుతది. ఎగబడ్డ గుంపు బస్సు దిగిపోతది, మట్టి మళ్ళ సీసాన్ని పట్టుకుంటది. పోదు ఆంటీ, ఇక్కడ్నే ఉంటది. కదలకుండ ఉంటది, గంతే. పైన చెక్కపొట్టు కప్పుదాం, దుమ్ము లేవకుండ. ఆకుకూరలు మాత్రం చెక్కపెట్టెలల్ల, బస్తా మట్టిల, గరాజ్‌కి దూరంగ."

బస్తా మట్టి అన్న మాటకి బాలమణి మొహం మాడింది. అయినా వంగి సున్నం కలిపింది.

కంచె తలుపు చప్పుడైంది. రేణు. చేతులు ఖాళీగా ఉన్నాయి. మూడడుగుల దూరంలో ఆగింది.

బాలమణి సున్నం చేతులతో అలాగే మట్టిలో కూర్చుని పైకి చూసింది.

"రిజల్ట్ వచ్చింది ఆంటీ. డాక్టర్ కంగారుపడే గీత ఒకటి ఉంటుందట. దాని కిందే ఉంది."

"అంటే ఏమీ లేనట్టే! నేను అనుకున్నా, నీ రక్తం..."

"ఏమీ లేనట్టు కాదు. ఉంది. తక్కువ ఉంది. కాల్షియం, ఐరన్ సరిగ్గా వేసుకోమన్నారు. వచ్చే నెల మళ్ళీ చూస్తారు."

బాలమణి నోట్లోకి వచ్చినదాన్ని మింగింది. "ఉంది. తక్కువ ఉంది. వచ్చే నెల మళ్ళీ" అని అప్పజెప్పింది.

"నాకు మూడు రోజులు చాలా కోపం వచ్చింది ఆంటీ."

"రావాలి."

"మీరు తెగులు అని చెప్పి ఉంటే నేను జాడీ ఖాళీ చేసేదాన్ని. అలేఖ్య చెప్పింది, ముందు అలాగే చెబుదామన్నారట."

"అన్నాను."

భావన సున్నం సంచీ పట్టుకుని, అవసరం లేకపోయినా, తోటకూర మడి వైపు వెళ్ళిపోయింది. రేణు కాసేపు కాలితో గడ్డి కదిపింది.

"వచ్చే నెల టెస్ట్‌కి మా ఆయనకి ఆఫీస్ ఉంది. నాకు సూదంటే భయం. మీరు రండి."

సెప్టెంబరు మూడో వారంలో క్లినిక్‌లో రేణు కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. పక్కనే బాలమణి నిలబడింది. నర్సు జబ్బకి పట్టీ బిగించి, నరం వెతికి, సూది మూత తీసింది. రేణు కళ్ళు గట్టిగా మూసుకుంది.

"మా మండపేట ఆస్పత్రిలో ఒకావిడ ఉండేది" అని బాలమణి మొదలెట్టింది. "నాకు రక్తం తియ్యడానికి సూది గుచ్చింది. నా నరం ఎంత గట్టిదంటే సూది వంగి, తిరిగి ఆవిడ వేలికే గుచ్చుకుంది. ఆవిడ రక్తమే సీసాలోకి పట్టి నా పేరు రాసి పంపేశారు. వారం తర్వాత డాక్టరు నన్ను పిలిచి, అమ్మా, నీకు కవలలు అన్నాడు. నాకప్పటికి పెళ్ళే కాలేదు. ఇంటికెళ్ళి మా నాన్నకి ఎలా చెప్పాలో తెలియక..."

రేణు కళ్ళు తెరిచింది. భుజాలు ఊగుతున్నాయి. నర్సు ఇంగ్లీషులో చెయ్యి కదపొద్దంది. ఇంతలో చిన్న గొట్టం నిండింది, సూది బయటికొచ్చింది, దూది పడింది.

"ఆంటీ, ఇందులో ఎంత నిజం?"

బాలమణి నిజాయితీగా ఆలోచించింది.

"సూది గుచ్చినంతవరకూ నిజం" అంది. "మిగతాది నీ కోసం అల్లాను."